పెరిగిన డిస్కు, కదలని హద్దు

డోర్నకల్‌లో డిగ్రీ చదివే ఒకమ్మాయి ఉందనుకుందాం. ఇంట్లో ఉన్నది ఒకటే ల్యాప్‌టాప్, అందులో విండోస్. కాలేజీ ల్యాబ్‌కు లినక్స్ కావాలి. అన్న ఉద్యోగం ఫైళ్లన్నీ ఆ ల్యాప్‌టాప్‌లోనే ఉన్నాయి కాబట్టి విండోస్ జోలికి పోవద్దని ఇంట్లో గట్టిగా చెప్పారు. అందుకని వర్చువల్‌బాక్స్ దించుకుని, దానిలో 20 జీబీ డిస్క్‌తో ఒక వర్చువల్ మెషీన్ తయారుచేసి, లినక్స్ ఎక్కించుకుంది. నెల తిరిగేసరికి అప్‌డేట్లూ ప్రాజెక్టులూ కలిసి ఆ డిస్క్ నిండింది. సెట్టింగ్స్‌లోకి వెళ్లి 20ని 40 చేసింది. మెషీన్ మళ్లీ తెరిచింది. డిస్క్ నిండిందన్న మాటే వచ్చింది. స్టేషన్ రోడ్డులో నెట్ సెంటర్ నడిపే, తెలిసిన ఒకన్నకు ఫోన్ చేసింది.

“అన్నా, నలభై పెట్టిన. లోపల ఇంకా ఇరవయ్యే చూపెడుతుంది.”

“బంద్ చేసి మళ్ల తెరిసినవా?”

“తెరిసిన.”

“అయితే డిస్క్ పెరిగింది గాని, లోపలోళ్లకు ఇంకా తెల్వదు.”

ఆ లోపలివాళ్లు ఎందరో, ఎవరి చేతిలో ఏ లెక్క ఉందో తెలిస్తే డిస్క్ పెంచడంలో తికమక చాలావరకు పోతుంది. ముందు అసలు ఈ డిస్క్ ఏమిటో చూద్దాం.

వర్చువల్ మెషీన్ అంటే సాఫ్ట్‌వేర్‌తో కట్టిన కంప్యూటర్. లోపల నడిచే లినక్స్‌కు తాను నిజమైన యంత్రం మీదే ఉన్నానన్న నమ్మకం కలిగేలా ప్రాసెసర్, ర్యామ్, డిస్క్, నెట్‌వర్క్ కార్డు అన్నీ చూపిస్తారు. ఇది క్లౌడ్ కాలంలో పుట్టిన తెలివి కాదు. అమెరికాలోని కేంబ్రిడ్జ్‌లో ఐబీఎం శాస్త్రవేత్తలు 1960లలోనే ఒక పెద్ద యంత్రాన్ని పలువురికి పంచి, ఎవరికి వారికి సొంత కంప్యూటర్ ఉన్నట్టే అనిపించే వ్యవస్థ కట్టారు. దాని వారసురాలు వీఎం/370ని ఐబీఎం 1972 ఆగస్టు 2న ప్రకటించింది. అందులో డిస్క్ పంచిన తీరు మన కథకు చాలా దగ్గర. ఆ కాలపు 3330 డిస్క్ ప్యాక్‌లో 404 సిలిండర్లు, ఒక్కో సిలిండర్‌లో దాదాపు రెండున్నర లక్షల బైట్లు. ఒకరికి పది సిలిండర్లు, ఇంకొకరికి ఇరవై అని కోసి ఇచ్చేవారు. ఆ ముక్క పేరు మినీడిస్క్. ఎవరి ముక్క ఏ సిలిండర్ దగ్గర మొదలై ఎక్కడ ముగుస్తుందో ఒక డైరెక్టరీలో రాసి ఉండేది. పది సిలిండర్లవాడు ఇంకో అయిదు అడిగితే అంత తేలిగ్గా ఇవ్వడానికి లేదు. అతని ముక్క పక్కనే ఇంకొకరి ముక్క ఉంటుంది. మరోచోట పదిహేను సిలిండర్ల కొత్త ముక్క కేటాయించి, పాతదంతా అక్కడికి నకలు చేసి, పాతది వెనక్కి తీసుకోవాలి. అర్ధ శతాబ్దం గడిచినా పక్కవాడు అడ్డం రావడం అనే చిక్కు పోలేదు. ఇంకాసేపట్లో విండోస్ దగ్గర మళ్లీ తగులుతుంది.

మన ఇళ్లలోని మామూలు ప్రాసెసర్ల మీద ఇదే పని సాధ్యమని వ్యాపారంగా నిరూపించింది 1998లో పుట్టిన వీఎంవేర్. మరుసటి ఏడాది వర్క్‌స్టేషన్ అనే వారి సరుకు బయటికొచ్చింది. జర్మనీలోని ఇన్నోటెక్ కంపెనీ తయారుచేసిన వర్చువల్‌బాక్స్ 2007లో ఓపెన్ సోర్స్ అయింది. 2008లో సన్ కంపెనీ చేతికి, 2010లో సన్‌తో పాటు ఒరాకిల్ చేతికి వెళ్లింది. దానికి డబ్బు కట్టనక్కర లేదు కాబట్టి మన కాలేజీ పిల్లల ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా కనిపించేది అదే. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ తెలుగులో తెరుచుకునే లినక్స్‌ను తయారుచేసి పంచింది. అలాంటిదాన్ని భయం లేకుండా రుచి చూడాలన్నా వర్చువల్ మెషీనే మంచి చోటు. పాడైతే ఫైల్ తుడిచేసి మళ్లీ మొదలుపెట్టవచ్చు.

ఫైల్ అన్న మాటను కాస్త పట్టుకుందాం. లోపలి లినక్స్ దేన్ని 20 జీబీ హార్డ్‌డిస్క్ అనుకుంటుందో, బయటి విండోస్‌కు అది ఒక ఫోల్డర్‌లో పడి ఉన్న మామూలు ఫైల్. పాటలూ ఫొటోలూ ఎలాగో ఇదీ అలాగే. ఆశ్చర్యమేమిటంటే, కొత్తగా చేసిన 20 జీబీ డిస్క్‌ను బయటినుంచి కొలిస్తే కొన్ని ఎంబీలకు మించి ఉండదు. వర్చువల్‌బాక్స్ తన డిస్క్‌ను ఒక్కో ఎంబీ గళ్లుగా లెక్కగడుతుంది. 20 జీబీకి 20,480 గళ్లు. ఏ గడి ఫైల్‌లో ఎక్కడ ఉందో చెప్పే పట్టిక ఫైల్ మొదట్లో ఉంటుంది. గడికి నాలుగు బైట్ల చొప్పున పట్టిక మొత్తం 80 కేబీ. ఇంతవరకు ఏమీ రాయని గడి ఎదురుగా 32 బిట్లూ ఒకట్లే పెట్టి ఉంచుతారు. అలాంటి గడిని లినక్స్ చదవబోతే వర్చువల్‌బాక్స్ ఫైల్ వైపు చూడకుండానే సున్నాలు అందిస్తుంది. మొదటిసారి అక్కడ రాసినప్పుడే ఫైల్ చివర ఒక ఎంబీ చోటు పెరుగుతుంది, పట్టికలో దాని చిరునామా ఎక్కుతుంది.

కాబట్టి ఈ 20 జీబీ అన్నది చోటు కాదు, మాట. “నువ్వు 20 జీబీ దాకా రాసుకో, నేను దాస్తాను” అని బయటివాడు లోపలివాడికి ఇచ్చిన మాట. 20ని 40 చేస్తే మాట మారింది. పట్టికలో గళ్లు 40,960 అయ్యాయి, పట్టిక 160 కేబీ అయింది. అందుకే ఆ పని రెప్పపాటులో అయిపోతుంది. ఎక్కడా ఇరవై జీబీ కొత్తగా రాయలేదు.

ఇక లోపలివాళ్ల సంగతి. వాళ్లు ఒకరి మీద ఒకరు ఉంటారు, ఎవరి లెక్క వారిదే.

డోర్నకల్ జంక్షన్‌ను చూసినవాళ్లకు ఇది సులువుగా అందుతుంది. ఇల్లందు దగ్గర 1871లో విలియం కింగ్ బొగ్గు ఉందని గుర్తించాక, ఆ బొగ్గు కోసమే ఇటువైపు పట్టాలు పడ్డాయి. ఇప్పటికీ కాజీపేట–విజయవాడ మెయిన్ లైన్‌ నుంచి కారేపల్లి, కొత్తగూడెం వైపు లైన్ చీలేది ఇక్కడే. ఈ యార్డు పక్కన రైల్వేకు కొత్తగా పది ఎకరాలు వచ్చాయనుకోండి. తెల్లారేసరికి అక్కడ బొగ్గు వ్యాగన్లు నిలబడవు. ముందు ఆ స్థలం యార్డు ప్లాన్‌లో ఎక్కాలి. తర్వాత కొత్త లూప్ లైన్ పడాలి, దాన్ని పాయింట్లతో పాత లైన్లకు కలపాలి. చివరికి స్టేషన్ మాస్టర్ ఎదుటి ప్యానెల్ మీద ఆ లైన్ కనబడాలి. అది కనబడనంతవరకు ఆయన ఒక్క రేక్‌ను కూడా అటు పంపడు. పంపకపోవడమే ఆయన డ్యూటీ. ఇరవై జీబీ దాటి ఒక్క బైటు కూడా రాయని లినక్స్ చేసేదీ అదే డ్యూటీ.

మొదటి లెక్క డిస్క్ మొదట్లో ఉండే పార్టిషన్ పట్టిక. డిస్క్ అంతటినీ 512 బైట్ల సెక్టర్లుగా చూస్తారు. 20 జీబీ అంటే 4,19,43,040 సెక్టర్లు. ఏ పార్టిషన్ ఏ సెక్టర్ దగ్గర మొదలై ఏ సెక్టర్ దగ్గర ముగుస్తుందో పట్టికలో అంకెల్లో రాసి ఉంటుంది. డిస్క్ రెట్టింపైనా ఆ అంకె తనంతట తాను మారదు. పాత పద్ధతి పట్టిక 1983 నాటి డాస్ 2.0 కాలానిది. దానిలో సెక్టర్ సంఖ్యకు 32 బిట్లే ఇచ్చారు. అంటే 429 కోట్ల పైచిలుకు సెక్టర్లు, అంటే 2 టీబీ. డిస్క్‌ను 3 టీబీకి పెంచినా ఆ పట్టికకు చివరి టీబీ కనపడదు. కొత్త పద్ధతి జీపీటీలో ఈ ఇబ్బంది లేదు కానీ మరో తమాషా ఉంది. పట్టిక పాడైతే ఆదుకోవడానికి ఒక నకలు డిస్క్ చిట్టచివరి సెక్టర్లలో పెడతారు. 20 జీబీ డిస్క్‌ను 40 చేయగానే ఆ ‘చివర’ కాస్తా డిస్క్ నడిమధ్యకు వస్తుంది. పార్టిషన్ మార్చే పనిముట్టు తెరవగానే డిస్క్ అంతా వాడుకలో లేదు, సరిచేయమంటారా అని అడుగుతుంది. చాలామంది భయపడి కాదంటారు. అవుననాలి. నకలును కొత్త చివరకు జరిపేందుకే ఆ ప్రశ్న.

పార్టిషన్ హద్దు జరిపాక కూడా పని పూర్తి కాదు. దానిమీద ఫైల్ సిస్టమ్ ఉంది. లినక్స్‌లో ఎక్కువగా కనిపించే ఎక్స్‌ట్4ను తీసుకుందాం. అది చోటును 4 కేబీ బ్లాకులుగా కోస్తుంది. ఏ బ్లాకు ఖాళీ, ఏది నిండిందో తెలియడానికి బ్లాకుకు ఒక బిట్ కేటాయిస్తుంది. ఆ బిట్ల పటం సరిగ్గా ఒక బ్లాకులో ఇమడాలని నియమం. 4 కేబీలో 32,768 బిట్లు పడతాయి. అంటే ఒక పటం కాపలా కాయగలిగేది 32,768 బ్లాకులు, అంటే 128 ఎంబీ. ఈ 128 ఎంబీని ఒక గ్రూపు అంటారు. మొత్తం ఫైల్ సిస్టమ్ ఇలాంటి గ్రూపుల వరుస. ఇరవై జీబీ పెంచడం అంటే వరుస చివర ఇంకో 160 గ్రూపులు కలిపి, ఈ చేరికను గ్రూపుల చిట్టాలో రాయడం. పాత ఫైళ్లలో ఒక్క బైటు కూడా కదలదు. లినక్స్ నడుస్తుండగానే, ఫైళ్లు తెరిచి ఉండగానే ఇది జరిగిపోతుంది. చిట్టా పెరగాల్సి వస్తుందని దీన్ని రూపొందించినవాళ్లకు ముందే తెలుసు. ఫైల్ సిస్టమ్ తయారుచేసిన రోజే అది మామూలుగా 1024 రెట్ల దాకా పెరగడానికి చాలినంత చోటు చిట్టా పక్కన అట్టిపెడతారు. ఇంత ముందుచూపు ఉన్న సాఫ్ట్‌వేర్ నాకు ఎక్కువ తగల్లేదు.

కొన్ని లినక్స్‌లలో పార్టిషన్‌కూ ఫైల్ సిస్టమ్‌కూ మధ్య ఎల్‌వీఎం అనే ఇంకో అంతస్తు ఉంటుంది. చోటునంతటినీ ఒక రాశిగా పోసి, దానిలోంచి కావలసినంత కొలిచి ఇచ్చే ఏర్పాటు ఇది. ఉబుంటు సర్వర్ ఎక్కించినవాళ్లు ఒక వింత చూసే ఉంటారు. 40 జీబీ ఇచ్చి ఎల్‌వీఎం ఎంచుకుంటే అది సగమే కొలిచి తీసుకుని మిగతాది రాశిలోనే వదిలేస్తుంది. డిస్క్ నిండింది, పెంచాలి అనుకునేముందు ఆ రాశిలో ఏముందో చూస్తే ఒక్కోసారి పెంచే పనే ఉండదు.

పెంచేటప్పుడు బయటినుంచి లోపలికి రావాలి. ముందు డిస్క్ ఫైల్, తర్వాత పార్టిషన్, ఎల్‌వీఎం ఉంటే అది, చివర ఫైల్ సిస్టమ్. మన అమ్మాయి మొదటి మెట్టు దగ్గర ఆగింది. క్లౌడ్‌లో అద్దెకిచ్చే ఉబుంటు మెషీన్లలో ఈ మెట్లన్నీ తెరిచిన వెంటనే వాటంతట అవే జరిగిపోతాయి. పెద్ద డిస్క్ కనిపిస్తే హద్దు జరపమని, ఫైల్ సిస్టమ్ సాగదీయమని ముందే రాసిపెట్టి ఉంటుంది. అలా జరగడానికి వీలుగా అసలు పార్టిషన్‌ను డిస్క్‌లో అన్నిటికంటే చివర ఉంచుతారు.

ఆ చివర అన్నది ఎంత ముఖ్యమో విండోస్ వాడేవాళ్లకు తెలుస్తుంది. వర్చువల్ మెషీన్‌లో విండోస్ ఉండి, డిస్క్ పెంచి, డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిస్తే ఖాళీ చోటు నల్ల పట్టీలా కనిపిస్తుంది. సీ డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేస్తే ‘ఎక్స్‌టెండ్ వాల్యూమ్’ మాత్రం బూడిద రంగులో మూగబోయి ఉంటుంది. కారణం సీ డ్రైవ్‌కూ ఖాళీకీ మధ్యన కూర్చున్న కొన్ని వందల ఎంబీల రికవరీ పార్టిషన్. మినీడిస్క్ కాలం నాటి పక్కవాడు ఇతనే. అతణ్ని చివరికి జరపగల పనిముట్టు వాడాలి, లేదా రికవరీని ఆపి, ఆ పార్టిషన్ తీసేసి, సీ పెంచాక మళ్లీ చివర కట్టాలి. 2024 జనవరిలో మైక్రోసాఫ్ట్ పంపిన ఒక భద్రతా అప్‌డేట్ ఇదే రికవరీ పార్టిషన్‌లో చోటు చాలక లోకమంతటా బోలెడు కంప్యూటర్లలో విఫలమైంది. ఆ పార్టిషన్‌ను 250 ఎంబీ పెంచుకోండి అని కంపెనీ సూచనలు రాసింది. పార్టిషన్ అన్న మాటే విననివాళ్లకు, కమాండ్లు కొట్టి హద్దులు జరపమని చెప్పడం ఏం న్యాయమో వాళ్లకే తెలియాలి.

తగ్గించడం పెంచడానికి తలకిందులు, కష్టం మాత్రం చాలా ఎక్కువ. ఇక్కడ లోపలినుంచి బయటికి రావాలి. ముందు ఫైల్ సిస్టమ్ కుదించాలి. దాని చివర ఉన్న ఫైళ్లను ముందుకు తెచ్చి సర్దితే గాని హద్దు వెనక్కి జరగదు. ఎక్స్‌ట్4 ఈ పని చేస్తుంది కానీ, వాడకంలో ఉండగా చేయదు, ఆపి బయటికి తీయాలి. పెద్ద సర్వర్లలో తరచూ కనిపించే ఎక్స్‌ఎఫ్‌ఎస్‌ను కుదించడం ఆచరణలో లేనట్టే. తర్వాత పార్టిషన్, ఆ తర్వాతే డిస్క్. ఈ వరుస తప్పి డిస్క్‌ను ముందు కోస్తే ఫైల్ సిస్టమ్ తోక తెగిపోతుంది. ఆ తోకలో ఏ ఫైళ్లున్నాయో తెలిసేది పోయాకే. వర్చువల్‌బాక్స్ ఈ ప్రమాదానికి తావివ్వకుండా డిస్క్ పెద్దది చేయడానికే ఒప్పుకుంటుంది, చిన్నది చేయదు.

ఇంకో రకం తగ్గించడం ఉంది, దాన్ని దీనితో కలపకూడదు. లోపల పది జీబీ సినిమాలు తుడిచేసినా బయటి ఫైల్ తగ్గదు. తుడవడం అంటే లినక్స్ తన పటంలో ఆ బిట్లను ఖాళీ అని మార్చుకోవడం. ఆ కబురు బయటి పట్టికకు అందదు, గళ్లు పట్టుకున్న చోటును పట్టుకునే ఉంటాయి. లోపలి ఖాళీనంతా సున్నాలతో నింపి, తర్వాత వర్చువల్‌బాక్స్‌ను కుదించమంటే అది సున్నాలే ఉన్న గళ్లను వదిలేస్తుంది. ఇక్కడ తగ్గేది బయటి ఫైల్. లోపలివాడికి ఇచ్చిన మాట అంతే ఉంటుంది.

మాట ఇవ్వడం తేలికైనచోట మాట ఎక్కువగా ఇవ్వడమూ తేలికే. 256 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉన్న ల్యాప్‌టాప్‌లో వందేసి జీబీల డిస్కులతో నాలుగు వర్చువల్ మెషీన్లు చేయవచ్చు, ఎవరూ అడ్డు చెప్పరు. అన్నీ కొంచెం కొంచెం వాడినంతకాలం ఏమీ కాదు. ఏదో ఒకరోజు ఒక మెషీన్ కొత్త గడి అడిగేసరికి బయట చోటు ఉండదు. లోపలి లినక్స్ లెక్క ప్రకారం డిస్క్‌లో సగం ఖాళీ. వర్చువల్‌బాక్స్ అప్పుడు మెషీన్‌ను ఉన్నపళంగా నిలిపేసి బయటి డిస్క్ నిండిందని చెబుతుంది. అక్కడ చోటు చేస్తే మళ్లీ నడుస్తుంది. పెద్ద డేటా సెంటర్లలోనూ ఇదే జూదం, ఇంకా పెద్ద పందెంతో. అందుకే అక్కడ ఇచ్చిన మాటలెన్ని, నిజంగా ఉన్న చోటెంత అని రాత్రింబగళ్లు కొలిచే ఏర్పాట్లు ఉంటాయి.

స్నాప్‌షాట్ ఈ లెక్కను మరింత చిక్కు చేస్తుంది. స్నాప్‌షాట్ తీసిన క్షణం నుంచి పాత డిస్క్ ఫైల్‌లో ఇక రాయరు. మారిన గళ్లన్నీ ఇంకో ఫైల్‌లోకి పోతాయి, ఆ కొత్త ఫైల్‌కు తన పరిమాణం తనకుంటుంది. కింది డిస్క్‌ను 40 చేసినా పైనున్న స్నాప్‌షాట్ ఫైల్ 20 అనే చెబుతుంది. లోపలివాడు చూసేది పైదాన్నే. పార్టిషన్ మార్చే పనిముట్టులో కొత్త చోటు జాడే కనిపించకపోతే ముందు అనుమానించాల్సింది దీన్నే. స్నాప్‌షాట్లు కలిపేసి, డిస్క్ ఫైల్‌ను వేరే డ్రైవ్‌లోకి నకలు తీసుకుని, అప్పుడు పెంచడం మంచిది. మెషీన్ లోపలి స్నాప్‌షాట్‌ను నకలు అనుకోవద్దు. అడుగు ఫైల్ పోతే అదీ పోతుంది.

మిగతా సెట్టింగ్స్ గురించి ఇంత చెప్పనక్కర్లేదు. ర్యామ్, ప్రాసెసర్ కోర్లు పెంచడానికి పట్టికలూ పటాలూ లేవు. మెషీన్ ఆపి అంకె మార్చితే తెరిచినప్పుడు కొత్త అంకే చూసుకుంటుంది. 8 జీబీ ల్యాప్‌టాప్‌లో లోపలికి 6 ఇచ్చేస్తే బయటి విండోస్ ఆయాసపడుతుంది, దాంతో రెండూ నత్తనడక నడుస్తాయి. సర్వర్లలో మెషీన్ నడుస్తుండగానే ర్యామ్ వెనక్కి తీసుకునే ఒక చమత్కారం ఉంది. దాన్ని కార్ల్ వాల్డ్‌స్పర్గర్ 2002లో వీఎంవేర్ తరఫున వివరించాడు. లోపల బెలూన్ అనే చిన్న ప్రోగ్రాం ఉబ్బి ర్యామ్‌ను మింగుతుంది. మింగినంత బయటివాడు ఇంకొకరికి ఇచ్చుకుంటాడు. డిస్క్ తగిలించే కంట్రోలర్‌ను మార్చేటప్పుడు మాత్రం జాగ్రత్త కావాలి. ఐడీఈ నుంచి సాటాకో ఎన్‌వీఎంఈకో మార్చితే, కొత్తదానికి డ్రైవర్ సిద్ధంగా లేని విండోస్ నీలి తెర చూపించి ఆగిపోతుంది. లినక్స్‌లో డిస్క్ పేరే మారిపోవచ్చు. అందుకే అది పార్టిషన్లను పేరుతో వెతక్కుండా, ఒక్కోదానికి ఇచ్చిన పొడవాటి గుర్తింపు సంఖ్యతో వెతుకుతుంది.

ఈ విద్యంతా ల్యాప్‌టాప్‌తో ఆగదు. అమెజాన్ 2022 నవంబరులో హైదరాబాద్‌లో తన క్లౌడ్ ప్రాంతం తెరిచింది. డోర్నకల్‌లో కూర్చుని ఫోన్‌లో వాడే ఏ యాప్ వెనక ఉన్న మెషీన్ అయినా అక్కడే నడుస్తూ ఉండవచ్చు. ఆ మెషీన్ల డిస్కులను నడుస్తుండగానే పెంచే వీలు అమెజాన్ 2017లోనే కల్పించింది. లోపలి మెట్లు అక్కడా ఇవే. తగ్గించే వీలు మాత్రం లేదు. పైగా అద్దె పడేది వాడిన చోటుకు కాదు, అడిగిన చోటుకు. 500 జీబీ అడిగి 60 వాడుతున్నవాడు 500కే కడతాడు. తగ్గించుకోవాలంటే ఐబీఎం మినీడిస్క్‌వాళ్ల దారే గతి. చిన్న డిస్క్ కొత్తగా తీసుకుని, ఫైళ్లన్నీ దాంట్లోకి నకలు చేసి, మెషీన్‌కు కొత్త డిస్క్ గుర్తింపు సంఖ్య చెప్పి, దానితో తెరుచుకుంటుందో లేదో చూసుకోవాలి. ఆ తర్వాత పాత డిస్క్‌ను మెషీన్ నుంచి విడదీసి అక్కడితో ఆగితే సరిపోదు. డిలీట్ కొట్టేవరకు దాని అద్దె నెలనెలా పడుతూనే ఉంటుంది.